పతకం అంచున నంబరు, పేజీలో తేదీ: యుద్ధ సమాధుల వెబ్‌సైటుతో పదకొండేళ్లు

చిత్తూరులోని మా పాత ఇల్లు ఖాళీ చేసినప్పుడు పూజగది గూట్లో, కుంకుమ భరిణె కింద, నల్లబడిన పతకం ఒకటి దొరికింది. చింతపండుతో తోమితే అంచు మీద ఇంగ్లీషులో ఒక నంబరు, ఒక పేరు బయటపడ్డాయి. రెండో ప్రపంచ యుద్ధ పతకాలను భారత సైన్యంలోని వారికి ఇలా నంబరు, పేరు చెక్కి ఇచ్చేవారు. ఉత్తరాలు, ఫొటోలు ఏవీ మిగలని మా ఇంట్లో చిన్నతాత గురించి ఉన్న ఆధారం అదొక్కటే.

ఆయన మద్రాసు సాపర్లలో, అంటే దారులు, వంతెనలు కట్టే సైనిక దళంలో చేరి, బెంగళూరులో శిక్షణ పొంది, మలయా (ఇప్పటి మలేసియా ప్రాంతం) వెళ్లారు. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు లొంగిపోయినప్పుడు జపాను సైన్యానికి బందీలుగా చిక్కిన వేలాది భారతీయుల్లో ఆయన ఒకరు. మళ్లీ ఇంటికి రాలేదు. ఎక్కడ పోయారో, ఎప్పుడు పోయారో తెలియదు. అందుకే తిథి తెలియని వారికి చేసినట్టు, ఏటా మహాలయ అమావాస్యనాడు తిరుపతి కపిలతీర్థంలో ఆయనకు తర్పణం వదిలేవాళ్లం.

ఆ నంబరు పట్టుకుని కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటు తెరిచాను. 1917లో ఏర్పడిన ఈ సంస్థ రెండు ప్రపంచ యుద్ధాల్లో ప్రాణాలు కోల్పోయిన సుమారు 17 లక్షల మంది వివరాలను ఉచితంగా అందుబాటులో ఉంచింది. పతకం మీద ఉన్న పేరుతో వెతికితే మా చిన్నతాత దొరకలేదు. ఇంట్లో పిలిచే పేరుతోనూ దొరకలేదు. పేరు గడి ఖాళీగా వదిలి, నంబరు ఒక్కటే ఇచ్చి, భారత సైన్యం అని ఎంచుకుంటే నిమిషంలో ఆయన పేజీ వచ్చింది. ఆ రోజు మా నాన్న తెర మీద ఆ పేరును వేలితో తాకి చూశారు.

నంబరు లేనివాళ్లు ఓపిక పట్టాలి. మన వాళ్లలో చాలామందికి ఇంటిపేరు నమోదు కాలేదు. ఉన్న ఒక్క పేరే ఇంటిపేరు గడిలో ఉంటుంది. తమిళ ఉచ్చారణ పడిన పేర్లు చాలా చూశాను. మునిస్వామి కోసం మునిసామి, మునుసామి అని కూడా వెతకాలి. చెంగల్రాయుడు సెంగల్రాయన్ అయి ఉండవచ్చు. అదనపు సమాచారం అనే గడిలో ఊరు, తాలూకా పేర్లు వేసి చూడటం నాకు బాగా పనికివచ్చింది. కొందరి పేజీల్లో తండ్రి పేరు, ఊరు ఉంటాయి. చాలామందికి అదీ ఉండదు. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. అంతకుముందు చేరిన వారికోసం ఉత్తర ఆర్కాడు అని కూడా వెతకండి, అప్పట్లో తిరుపతి ఆ జిల్లాలోనే ఉండేది.

ఇక అసలు సంగతి, తేదీ. ఆ పేజీలో చిన్నతాత మరణించిన తేదీ 1942 ఫిబ్రవరి 15 అని ఉంది. స్మారకం సింగపూరులోని క్రాంజిలో. గోడల మీద చెక్కిన పేర్లలో ఆయనది ఒకటి. మా పురోహితులు పాత పంచాంగం చూసి అది మాఘ అమావాస్య అన్నారు. తిథి దొరికిందని నాన్న పొంగిపోయి, ఆ ఏడాదే తద్దినం మాఘానికి మార్చారు. మా అవ్వ మాత్రం ఒప్పుకోలేదు. యుద్ధం ముగిశాక తిరిగివచ్చిన పక్క ఊరి సిపాయి ఒకాయన, 1943లో చిన్నతాతను ఓడ ఎక్కిస్తుండగా చూశానని ఆమెతో చెప్పాడట. "ఆయన చూశానన్నాక ఆ కాగితం మాట నేనెట్లా నమ్మేదిరా?" అనేది.

అవ్వదే నిజం. క్రాంజిలోని సింగపూరు స్మారకం గురించిన పేజీని నేను మూడేళ్ల తరువాత గానీ శ్రద్ధగా చదవలేదు. సమాధి తెలియని 24 వేల మందికి పైగా పేర్లు ఆ స్మారకం మీద ఉన్నాయి. వారిలో చాలామంది మరణించిన తేదీ తెలియదని, కనబడకుండా పోయిన లేదా బందీ అయిన తేదీనో కాలాన్నో నమోదు చేశారని అక్కడ స్పష్టంగా ఉంది. సైనికుడి పేజీ ఒక్కటే చూసి ఆగిపోయినవారికి ఆ మాట కనబడదు. నేను అలాగే ఆగిపోయాను, అవ్వను మూడేళ్లు బాధపెట్టాను. ఫిబ్రవరి 15 సింగపూరు లొంగిపోయిన రోజు. ఆయన పోయిన రోజు కాకపోవచ్చు.

ఆ ఓడ ఎక్కడికి వెళ్లిందో నాకు ఇంకా తేలలేదు. భారతీయ బందీలను జపాను సైన్యం పసిఫిక్ దీవులైన న్యూగినీకి, న్యూబ్రిటన్‌కు కూలి దళాలుగా తరలించింది. మలయా, హాంకాంగ్ యుద్ధాల్లో చిక్కిన మన సైనికుల సమాధులు న్యూగినీలోని లే అనే పట్టణపు యుద్ధ స్మశానంలో ఉన్నాయి. అక్కడ పేరు తెలియని సమాధులూ వందల్లో ఉన్నాయి. ఇదే వెబ్‌సైటులో లే పేరు ఇచ్చి, సాపర్లను విడిగా తీసి, ఒక్కొక్కరి పేజీ కింద ఉన్న సమాధి నమోదు పత్రాల స్కానులు చదువుతున్నాను. ఇన్నేళ్లలో నాకు అన్నిటికంటే విలువైనవిగా తోచినవి ఆ స్కానులే. టైపు చేసిన వివరాల్లోకి ఎక్కని చిన్న మాటలు వాటిలో మిగిలి ఉంటాయి.

ఈ వెబ్‌సైటు చెప్పలేనిది జెనీవాలోని రెడ్‌క్రాస్ పత్రాగారాన్ని అడగవచ్చు. అయితే దరఖాస్తులు నిర్ణీత రోజుల్లో, పరిమిత సంఖ్యలోనే తీసుకుంటారు. యుద్ధఖైదీల గురించిన 1929 ఒప్పందాన్ని జపాను ధ్రువీకరించలేదు కాబట్టి ఆ జాబితాలలో ఖాళీలు ఎక్కువ. మన దేశంలోనే ఒక కార్యాలయానికి నాలుగుసార్లు రాశాను. మూడింటికి జవాబు లేదు, నాలుగోసారి నా ఉత్తరమే తిరిగి వచ్చింది. చనిపోయినవాడి ఆచూకీ అడిగే కుటుంబానికి ఒక్క వాక్యం రాయడం అంత కష్టమా అని ఇప్పటికీ కోపం వస్తుంది.

తద్దినాన్ని మళ్లీ మహాలయ అమావాస్యకే మార్చాం. వెబ్‌సైటు నుంచి తీసుకున్న స్మారక పత్రాన్ని నాన్న పటం కట్టించి పతకం పక్కన పెట్టారు. అందులో పేరు ఇంకా తప్పుగానే ఉంది. సవరించాలంటే ఆ కాలపు రుజువు పంపాలి. నేను పతకం అంచును నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీసి పంపాను, జవాబు కోసం చూస్తున్నాను.