249 గ్రాముల డ్రోన్, 55 మీటర్ల హద్దు

ఈ డ్రోన్ కెమెరా గురించి, బ్యాటరీ గురించి ఇప్పటికే చాలామంది రాశారు. ఇంతకాలం వాడాక నాకు అన్నిటికంటే నచ్చింది మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక సెట్టింగ్: గరిష్ఠ ఎత్తు. యాప్‌లో అంకె మారిస్తే చాలు, రిమోట్‌లో స్టిక్ ఎంత నెట్టినా డ్రోన్ అంతకంటే పైకి పోదు. కొన్నప్పుడు 120 మీటర్లు ఉంటుంది. నేను 55 పెట్టుకున్నాను.

2021 డ్రోన్ రూల్స్ ప్రకారం గ్రీన్ జోన్‌లో, అంటే ముందుగా అనుమతి అక్కర్లేని చోట, 400 అడుగుల దాకా ఎగరేయొచ్చు. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8, 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగులే, అంటే దాదాపు 60 మీటర్లు. హైదరాబాద్ చుట్టూ శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ ఉన్నాయి. ఎక్కడ ఏ లెక్కో ప్రతిసారీ తేల్చుకునే బదులు ఆ తక్కువ ఎత్తులోనే, ఇంకాస్త కిందే ఆగిపోదామని మా ఫ్రెండ్స్ అందరం అనుకున్నాం. ఎగరేసేవాడి పక్కన ఆకాశం చూడ్డానికి ఇంకొకరు ఉండాలి, జనం మీదుగా, ఇళ్ల డాబాల మీదుగా పంపకూడదు అన్నవి కూడా మేం పెట్టుకున్నవే. 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కి పైలట్ సర్టిఫికెట్ అడగరు. అడగడం లేదు కాబట్టే మనం ఇంకా ఒళ్లు దగ్గర పెట్టుకుని ఎగరేయాలి. ఎవరో ఒక్కరు విమానం దారిలోకి పంపితే ఈ వెసులుబాటు అందరికీ పోతుంది.

ఈ 55 విలువ నాకు పూర్తిగా తెలిసింది 2023 నవంబర్‌లో, అసెంబ్లీ ఎన్నికల ప్రచారం జోరుగా సాగుతున్నప్పుడు. సిద్దిపేట వైపు మా అత్తగారి ఊళ్లో చెరువు మీద ఎగరేస్తున్నాను. పొద్దున్నే ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ చూశాను, గ్రీనే. (ఎస్పీ స్థాయి అధికారి 96 గంటల దాకా డ్రోన్లు ఎగరేయకుండా తాత్కాలిక రెడ్ జోన్ పెట్టొచ్చు, అందుకే నిన్నటి మ్యాప్‌ని నమ్ముకోను.) సభ ఎక్కడో పక్క మండలంలో. పక్కన నిలబడ్డ బామ్మర్ది ఉన్నట్టుండి, "బావా, హెలికాప్టర్ చప్పుడు వస్తోంది, దించెయ్" అన్నాడు. నా కళ్లు తెర మీద ఉన్నాయి, నాకింకా వినపడలేదు. వెంటనే స్టిక్ కిందికి లాగాను.

దీని దిగే వేగం సెకనుకు సుమారు 3 మీటర్లు, అంతే. 55 మీటర్ల నుంచి నేలకి 18 సెకన్లు పడుతుంది. 120 నుంచి అయితే 40. డ్రోన్ కట్ట మీద దిగి, రెక్కలు ఆగిన కాసేపటికే హెలికాప్టర్ తాటిచెట్ల వెనక నుంచి తక్కువ ఎత్తులో చెరువు దాటి వెళ్లింది. అప్పటిదాకా ఈ హద్దు రూల్ కోసమే అనుకున్నాను. కిందికి రావడానికి టైమ్ మిగల్చడమే దీని అసలు పని అని ఆ రోజు అర్థమైంది.

అయితే ఎత్తు లెక్క మొదలయ్యేది డ్రోన్ లేచిన చోటు నుంచి, దాని కింద ఉన్న నేల నుంచి కాదు. గుట్ట మీద నిలబడి లోయ వైపు పంపితే తెర మీద 55 అనే ఉంటుంది, కింద పొలంలో ఉన్నవాళ్లకి వంద దాటేస్తుంది. గుట్ట కింద నుంచి లేపితే ఇంకో టెన్షన్: సిగ్నల్ పోయి తనంతట తాను వెనక్కి వచ్చే ఎత్తు కూడా ఈ హద్దు లోపలే ఉండాలి, మధ్యలో గుట్ట అంతకంటే పెద్దదైతే తగులుకుంటుంది. అందుకే గుట్టల దగ్గర నాకు కనపడేంత దూరమే పంపుతాను. ఒకసారి రిపేర్‌కి ఇస్తే షాపు వాళ్లు రీసెట్ చేసి పంపారు, హద్దు మళ్లీ 120కి పోయింది. ఎగరేసే ముందు చూసుకునే అలవాటుంది కాబట్టి కనిపెట్టాను. పైగా దీనికి తాళమేమీ లేదు, చేతిలో ఉన్నవాళ్లు ఎవరైనా క్షణంలో మార్చేయొచ్చు.

నేను ఎగరేసేది ఆదివారాలు, చదునైన ఊళ్లలో, సరదా కోసం. నాకు 55 సరిపోతుంది. అరకు, పాడేరు లాంటి చోట ఉండేవాళ్లకి ఇదే అంకె కుదురుతుందని చెప్పలేను. 2022 ఫిబ్రవరిలో విదేశీ డ్రోన్ల దిగుమతి ఆపేశాక ఇలాంటివి ఎక్కువగా సెకండ్ హ్యాండ్‌లోనే చేతులు మారుతున్నాయి. కొంటే గీతలు, కెమెరా చూసేలోపే ఆ సెట్టింగ్ తెరిచి ఎంత ఉందో చూడండి.