ఫిల్టర్‌కి ఏ డబ్బా? అడుగున ఉన్న అంకె ఒక్కటే చాలదు

అక్వేరియం కింద సంప్ (తొట్టి నీళ్లు దిగి శుభ్రమై పంపుతో తిరిగి పైకి వెళ్లే డబ్బా) పెట్టాలన్నా, పైనుంచి నీళ్లు కారే డ్రిప్ ఫిల్టర్ కట్టాలన్నా మామూలు ప్లాస్టిక్ డబ్బా సరిపోతుంది. దొరికే రకాలన్నిట్లో ముందు నిలిచేది ఆహార పదార్థాల కోసం చేసిన, మూత ఉన్న 20 లీటర్ల గుండ్రటి బకెట్. అడుగున త్రికోణంలో 2 అంకె ఉంటే అది హెచ్‌డీపీఈ, అంటే గట్టి రకం పాలిథీన్.

దీని బలమంతా ఆకారంలో ఉంది. లీటరు నీళ్లంటే కిలో బరువు. గుండ్రటి గోడ ఆ తోపుడును చుట్టూ పంచుకుంటుంది. బట్టలు దాచుకునే పలచటి చదరపు డబ్బాలో పోస్తే పొడవాటి గోడ మధ్యలో ఉబ్బుతుంది. లోపల అడ్డుపలకలు అతికిద్దామన్నా ఈ ప్లాస్టిక్‌లకు సిలికాన్ జిగురు పట్టదు, పొరలా ఊడొస్తుంది. గదులు కావాలంటే రెండు బకెట్లు పక్కపక్కన పెట్టి పైపుతో కలపడమే మేలు.

బకెట్‌కూ ఒక లోపం ఉంది. వంపు గోడ మీద ట్యాంక్ కనెక్టర్ (డబ్బాకు రంధ్రం చేసి పైపు కలిపే బిగింపు) రబ్బరు వాషర్ సరిగా ఆనదు, కనెక్టర్ సైజు పెరిగేకొద్దీ కారే ప్రమాదం పెరుగుతుంది. చదునుగా ఉన్న అడుగు భాగంలో బిగించి బకెట్‌ను స్టాండ్ మీద పెట్టండి, లేదా రంధ్రంలో కూర్చుని పైపును బిగుతుగా పట్టే రబ్బరు వలయం, గ్రోమెట్, వాడండి. కనెక్టర్‌కు మర ఉన్న భాగం బయటి వ్యాసం కొలిచి, దానికి సరిపడే హోల్ సాతో (డ్రిల్లుకు తగిలించే గుండ్రటి రంపం) నెమ్మదిగా కోయాలి. వేగం పెంచితే ప్లాస్టిక్ కరిగి అంచు గరుకుగా తేలుతుంది. ఆ గరుకు గీకేసి, వాషర్‌ను నీళ్లవైపు ఉంచి, నట్టు చేత్తో బిగించాక పావు చుట్టు తిప్పితే చాలు. పీవీసీ పైపుల జిగురు ఇక్కడ పనికిరాదు.

5 అంకె ఉన్న పీపీ (పాలీప్రొపిలీన్) వంటింటి డబ్బాలు డ్రిప్ ట్రేలకు బాగుంటాయి: అడుగున చిన్న రంధ్రాలు వేసి స్పాంజి, సిరామిక్ రింగులు పేర్చుకోవచ్చు. ఎండ తగిలేచోట మాత్రం పెళుసెక్కుతాయి. 1 అంకె పెట్ (నీళ్ల సీసాల ప్లాస్టిక్) జాడీలు పలచన, చిన్న ఎయిర్ పంపు ఫిల్టర్ వరకే. 6 అంకె పాలిస్టైరీన్ డ్రిల్లు తగలగానే చీలుతుంది. 3 అంకెలో గట్టి పీవీసీ పైపు ఫర్వాలేదు, మెత్తగా వంగే వినైల్ వద్దు, మెత్తదనం కోసం కలిపినవి నీళ్లలోకి దిగొచ్చు. 7 అంటే 'ఇతరాలు', ఏం కలిసిందో తెలియదు కాబట్టి వదిలేయండి.

అయితే అంకె చెప్పేది ప్లాస్టిక్ రకమే, రంగు గురించీ పాత వాడకం గురించీ కాదు. పెయింటు, పురుగుమందు, ఫినాయిల్ పోసిన డబ్బా ఎంత కడిగినా వద్దు. 'యాంటీ బాక్టీరియల్' అని రాసినదీ వద్దు. ఫిల్టర్ నడిచేదే బాక్టీరియా మీద, దాన్ని చంపే డబ్బా ఎందుకు? కొత్త డబ్బాను సబ్బు లేకుండా కడిగి, గోరువెచ్చని నీళ్లు నింపి, మూతపెట్టి 24 గంటలు ఉంచండి. తెరవగానే వాసన కొట్టినా, నీటిపై నూనెపొర తేలినా తిరిగిచ్చేయండి.

కరెంటు పోతే తొట్టిలోంచి నీళ్లు సంప్‌లోకి దిగుతాయి. 60×30 సెంటీమీటర్ల తొట్టిలో 2 సెంటీమీటర్లు దిగితే 3.6 లీటర్లు. పైపులో నిలిచినది దీనికి అదనం, ఆ మేరకు బకెట్ పైభాగం ఖాళీగా ఉంచాలి. బకెట్‌లో హీటర్ పెడితే అది ప్లాస్టిక్ గోడకు ఆనకూడదు. ఇక క్లిప్పుల మూత డబ్బాను పంపుకు బిగించి క్యానిస్టర్ (మూసిన డబ్బాలోంచి పంపు నీళ్లు తోసే ఫిల్టర్) చేద్దామనుకుంటే, అది ఒత్తిడి కోసం చేసింది కాదు, మూత అంచు దగ్గరే ముందు కారుతుంది.