పిండ మూలకణాల నుంచి గుండె కండర కణాలు: మూడు పద్ధతుల్లో ఏది మేలు?

దెబ్బతిన్న కండరాన్ని తిరిగి పెంచుకునే శక్తి గుండెకు దాదాపు లేదు. పాతికేళ్ల వయసులో గుండె కండర కణాల్లో ఏడాదికి సుమారు 1 శాతం మాత్రమే కొత్తగా పుడతాయనీ, 75 ఏళ్లు వచ్చేసరికి అది 0.45 శాతానికి పడిపోతుందనీ స్వీడన్ పరిశోధకులు 2009లో తేల్చారు. అణుపరీక్షల వల్ల గాలిలో పెరిగిన కార్బన్-14 ఆ లెక్కకు ఆధారమైంది. తీవ్రమైన గుండెపోటులో నశించే కణాలు మాత్రం వంద కోట్ల దాకా ఉంటాయి. అందుకే 1998లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ థామ్సన్ బృందం మానవ పిండ మూలకణాలను (శరీరంలోని ఏ రకం కణంగానైనా మారగల తొలిదశ పిండ కణాలను) వేరుచేసి పెంచగలిగిన కొద్దికాలానికే, వాటిని గుండె కండర కణాలుగా మలచే ప్రయత్నాలు మొదలయ్యాయి. ఇప్పటివరకు వచ్చిన పద్ధతుల్లో ముఖ్యమైనవి మూడు.

మొదటిది ఎంబ్రియాయిడ్ బాడీల పద్ధతి. మూలకణాలను గిన్నె అడుగుకు అంటుకోనివ్వకుండా ద్రవంలో తేలనిస్తే అవి ఉండలు కడతాయి. కొన్ని రోజుల తర్వాత వాటిని గిన్నెలో అంటుకోనిస్తే కొన్ని ఉండల్లో కొంత భాగం దానంతటదే కొట్టుకోవడం మొదలవుతుంది. ఇజ్రాయెల్‌లోని టెక్నియన్ పరిశోధకులు 2001లో దీన్ని మానవ కణాలతో చూపినప్పుడు, కొట్టుకునే భాగాలున్న ఉండలు సుమారు 8 శాతమే. ఇది ఉండల లెక్కే గాని కణాల లెక్క కాదు, ఎందుకంటే కొట్టుకునే ఉండలో కూడా అధికభాగం వేరే రకం కణాలే ఉంటాయి. పైగా వర్ధన ద్రవంలో కలిపే పశువుల సీరం (రక్తం నుంచి తీసిన ద్రవం) నాణ్యత ఒక్కో విడతకు ఒక్కోలా ఉంటుంది కనుక ఫలితమూ నిలకడగా ఉండదు. పిండంలో వివిధ కణజాలాలు ఎలా విడిపోతాయో గమనించడానికి ఇది పనికొస్తుంది గాని, గుండె కణాలే కావలసినవారు దీనితో కాలం గడపనవసరం లేదు.

రెండవది గ్రోత్ ఫ్యాక్టర్ల, అంటే కణాల ఎదుగుదలను నడిపే ప్రోటీన్ల పద్ధతి. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ మర్రీ బృందం 2007లో ప్రచురించిన విధానంలో, పలుచని పొరగా పెరిగిన మూలకణాలకు ఒక రోజు యాక్టివిన్ ఏ, ఆ తర్వాత నాలుగు రోజులు బీఎంపీ4 అనే ప్రోటీన్లను అందిస్తారు. పిండంలో గుండెకు మూలమైన మధ్యస్త్వచం అనే మధ్య పొరను ఏర్పరచే సంకేతాలు ఇవే. గుండె కణాల వాటా 30 శాతం దాటింది, సాంద్రత ఆధారంగా వేరుచేస్తే 80 శాతం మించింది. ఆ కణాలను గుండెపోటుకు గురైన ఎలుకల్లో నాటితే గుండె పనితీరు మెరుగుపడింది కూడా. అయితే ఈ ప్రోటీన్లు ఖరీదైనవి, వాటి చురుకుదనం ఒక్కో విడతకు మారుతుంది. అంతకంటే పెద్ద చిక్కు మరొకటుంది: మూలకణాలు స్వయంగా కూడా ఇలాంటి సంకేతాలను కొంతమేర స్రవిస్తాయి, ఆ మోతాదు ఒక్కో కణశ్రేణిలో (ఒకే మూలం నుంచి పెంచుతూ వచ్చిన కణాల్లో) ఒక్కోలా ఉంటుంది. ఒక శ్రేణికి చక్కగా సరిపోయిన మోతాదు మరో శ్రేణిలో పూర్తిగా విఫలం కావచ్చు.

మూడవది చిన్న రసాయన అణువుల పద్ధతి. పిండంలో గుండె ఏర్పడాలంటే కణాలు ఏ రకంగా మారాలో నడిపే వింట్ అనే సంకేతం మొదట ఉండాలి, తర్వాత అదే సంకేతం ఆగిపోవాలి. విస్కాన్సిన్‌లో షాన్ పాలెచెక్ బృందం 2012లో ఈ రెండు దశలనూ రెండు రసాయనాలతో సాధించింది. మొదటి రోజు చిర్99021 ఇచ్చి సంకేతాన్ని రేపుతారు, మూడవ రోజున ఐడబ్ల్యూపీ2 వంటి నిరోధకంతో దాన్ని అణచివేస్తారు. ఆరంభ దశలో ఇన్సులిన్ గుండె కణాల ఏర్పాటును అడ్డుకుంటుంది కనుక మొదటి వారం ఇన్సులిన్ లేని ద్రవాన్నే వాడి, ఆ తర్వాతే దాన్ని చేరుస్తారు. సుమారు ఎనిమిదవ రోజు నుంచి పన్నెండవ రోజు మధ్య గిన్నె అంతటా కదలిక మొదలవుతుంది. సరిగ్గా కుదిరితే 80 నుంచి 98 శాతం కణాలు గుండె కణాలే అవుతాయి. ఈ రసాయనాలు చవక, నిల్వకు అనువైనవి, విడతల మధ్య తేడా తక్కువ.

దీనికీ ఒక పట్టింపు ఉంది. చిర్99021 మోతాదు తగ్గితే కణాలు దారి మళ్లవు, పెరిగితే చనిపోతాయి. సరైన మోతాదు కణశ్రేణిని బట్టి, ఆ రోజు గిన్నెలో కణాలు ఎంత ఒత్తుగా ఉన్నాయన్నదాన్ని బట్టి మారుతుంది. అయినా ఈ సర్దుబాటు ఒకసారి కుదిరితే మళ్లీమళ్లీ అదే ఫలితం వస్తుంది, నా దృష్టిలో ఈ పద్ధతికి ఉన్న అసలు బలం ఇదే. కొట్టుకునే కణాలను సూక్ష్మదర్శినిలో చూస్తే ముచ్చటేస్తుంది గాని, కదలికను చూసి పద్ధతిని ఎంచుకోకూడదు. పది శాతం గుండె కణాలున్న గిన్నె కూడా కదులుతుంది. గుండె కండరపు ప్రోటీన్ అయిన ట్రోపోనిన్ టీ ఉన్న కణాల శాతాన్ని, కణాలను ఒక్కొక్కటిగా పరీక్షించే ఫ్లో సైటోమెట్రీతో లెక్కించినప్పుడే నిజం తెలుస్తుంది.

ఏ పద్ధతిలో పెంచినా శుద్ధి తప్పదు, ఎందుకంటే మారకుండా మిగిలిన మూలకణాలు శరీరంలోకి వెళ్తే టెరటోమా అనే కణితి ఏర్పడవచ్చు. గ్లూకోజ్ తీసేసి లాక్టేట్ మాత్రమే ఇవ్వడం ఇందుకు తేలికైన మార్గం: గుండె కణాలు లాక్టేట్‌తో బతుకుతాయి, ఇతర కణాల్లో అత్యధికం నశిస్తాయి.

కణాల అపరిపక్వత విషయంలో మాత్రం మూడు పద్ధతులూ ఒకే చోట ఆగుతాయి. ఇలా పుట్టిన కణాలు భ్రూణ దశలోని గుండె కణాలనే పోలి ఉంటాయి: విద్యుత్ సంకేతాన్ని కణం లోపలికి చేర్చే టీ-నాళికలు ఏర్పడవు, పెద్దవారి జఠరిక కణాల్లా కాక వాటంతటవే కొట్టుకుంటాయి. 2014లో కోతుల గుండెల్లో వంద కోట్ల కణాలు నాటినప్పుడు అవి ఆ గుండెతో విద్యుత్‌పరంగా కలిసిపోయాయి గాని, లయ తప్పడం కూడా కనిపించింది. పెంచే పద్ధతిని మార్చినంత మాత్రాన ఈ చిక్కు తీరదు.

కొత్తగా ఈ పని మొదలుపెట్టే ప్రయోగశాలకు మూడవ పద్ధతే మేలు. భారీ మొత్తంలో కణాలు కావాలంటే అవే రసాయనాలను, కణాలను ఉండలుగా తేలనిచ్చే కలియబెట్టు పాత్రల్లో వాడవచ్చు, అంటే మొదటి పద్ధతిలోని ఉండల ఆకృతి ఇక్కడ అక్కరకొస్తుంది. గ్రోత్ ఫ్యాక్టర్లతో ఇప్పటికే స్థిరమైన ఫలితాలు సాధిస్తున్నవారు, ముఖ్యంగా పాత ఫలితాలతో పోల్చి చూడవలసినవారు, మారే తొందర పడనక్కరలేదు. మారదలచినవారు ముందుగా చిర్99021ను 6 నుంచి 12 మైక్రోమోలార్ వరకు వేర్వేరు మోతాదుల్లో, రెండు మూడు కణ సాంద్రతల వద్ద పరీక్షించి, ట్రోపోనిన్ టీ శాతం ఎక్కడ అత్యధికంగా, నిలకడగా వస్తోందో చూసుకోవాలి.