వ్యాఖ్యలకు డిస్కస్ మేలా, ఇస్సో మేలా?

పర్లాకిమిడి, బరంపురం, రాయగడ తెలుగువాళ్ల సైట్లలో వ్యాసాల కింద పెద్దలు రాసే జ్ఞాపకాలు మళ్లీ దొరికేవి కావు. వాటిని ఎవరి చేతిలో పెడుతున్నామో చూసుకోవాలి.

సైట్లలో వ్యాఖ్యల పెట్టెను అమర్చే సేవ డిస్కస్. 2007లో మొదలైన దీన్ని పెట్టుకోవడం తేలిక. చిన్న కోడ్ అతికిస్తే చాలు, సర్వర్ బెడద లేదు. కానీ ఉచిత ప్లాన్‌లో ప్రకటనలు వస్తాయి, వ్యాఖ్యలు వాళ్ల సర్వర్లలోనే ఉంటాయి. 2017లో దాన్ని జీటా గ్లోబల్ అనే మార్కెటింగ్ సంస్థ కొనేసింది. పాఠకుల వివరాల సంగతి ఆలోచించవలసిందే.

ఇస్సో కూడా ఆ పనే చేసే సాఫ్ట్‌వేర్. దీనికి సొంత సర్వర్ కావాలి, దాన్ని చూసుకునే మనిషీ కావాలి. ఆ ఏర్పాటు ఉంటే వ్యాఖ్యలన్నీ ఒక ఎస్‌క్యూలైట్ (చిన్న డేటాబేస్) ఫైల్‌లో మన దగ్గరే భద్రంగా ఉంటాయి. ఖాతా తెరవాల్సిన పని లేదు. తాతగారు పెట్టెలో నాలుగు మాటలు రాసి పంపేయవచ్చు. ఒత్తు తప్పితే మామూలుగా 15 నిమిషాల్లోపు తానే దిద్దుకోవచ్చు. పాస్‌వర్డ్ దగ్గరే ఆగిపోయే పెద్దలకు ఇది ఎంత వెసులుబాటో!

నా ఓటు ఇస్సోకే. డిస్కస్‌లోని పాత వ్యాఖ్యలను కూడా ఇందులోకి తెచ్చుకోవచ్చు. సర్వర్ చూసేవాళ్లు దొరకకపోతే డిస్కస్‌లోనే ఉండండి, ఎగుమతి ఫైల్‌ను (వ్యాఖ్యల నకలును) మాత్రం తరచూ దించుకోండి.