చాట్‌బాటా, ఏజెన్సీయా, షాపులో కుర్రాడా? చిన్న వ్యాపారం పోస్టులకు ఏది మేలు

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పచ్చళ్ళ షాపు, కూకట్‌పల్లిలో ఒక మగ్గం వర్క్ బొటిక్ ఉన్నాయనుకోండి. వాట్సాప్‌లో, ఇన్‌స్టాలో, గూగుల్ మ్యాప్స్‌లో పెట్టే రాతంతా ఎవరితో రాయించాలన్నది ఇప్పుడు ఇద్దరికీ ఉన్న ప్రశ్నే. ఫోన్‌లో ఊరికే దొరికే చాట్‌బాట్‌తోనా, నెలకింతని పుచ్చుకునే ఏజెన్సీతోనా, కౌంటర్ దగ్గర నిలబడే కుర్రాడితోనా? నా మాట ముందే చెప్పేస్తాను. రాతకు డబ్బు పెట్టక్కర్లేదు, ఫోటోకు పెట్టాలి. పచ్చళ్ళ షాపుకు చాట్‌బాట్ ముప్పాతిక పని చేసిపెడుతుంది. బొటిక్‌కు పావు వంతు కూడా చేయదు.

తేడా అమ్మే సరుకులో ఉంది. పచ్చడి కొనేవాళ్ళు అడిగేవన్నీ మాటలతో తేలే సంగతులే: ఏ నూనె, కారం ఎంత, ఎన్నాళ్ళు నిలవుంటుంది, అరకిలో ఎంత, కొరియర్ ఎప్పుడు వస్తుంది. బ్లౌజు చేయించుకునేవాళ్ళు కింద రాసింది చదవరు. మెడ డిజైను, చేతుల అంచు, జర్దోసీ (లోహపు తీగ ఎంబ్రాయిడరీ) పని వేళ్ళతో పెద్దది చేసి చూస్తారు, వెంటనే "రేటెంత" అని అడుగుతారు.

చాట్‌బాట్ ఎక్కడ ఆదుకుంటుంది, ఎక్కడ ముంచుతుంది

చాట్‌బాట్‌కు మీ షాపు సంగతి తెలియదు. తెలియదని చాలాసార్లు చెప్పదు కూడా. ఏ వివరమూ ఇవ్వకుండా "ఆవకాయ మీద వాట్సాప్ మెసేజ్ రాయి" అంటే ఇలాంటిది చేతిలో పెడుతుంది: "ఆవకాయ ప్రియులారా! మీ ప్రతి భోజనాన్ని మరపురాని అనుభూతిగా మార్చే మా సంప్రదాయ ఆవకాయ ఇప్పుడు మీ కోసం! 100 శాతం స్వచ్ఛమైన గానుగ నూనె, ప్రిజర్వేటివ్స్ లేవు, ఏడాది పాటు తాజాగా!" గానుగ నూనె అని మీరు చెప్పారా? లేదు. ఏడాది నిలవ అన్నది ఆవకాయకు నప్పినా, అదే వరసలో చికెన్ పచ్చడికి కూడా అతికిస్తుంది. అది చదివి ఎవరైనా సీసాను ఆర్నెల్లు బయటే పెట్టుకుంటే ఆ తలనొప్పి మీదే.

దీనికి మందు ఒక వివరాల చీటీ. ఒక్కసారి కూర్చుని ఫోన్ నోట్స్‌లో రాసిపెట్టుకోవాలి. సరుకుల పేర్లు, ఒక్కోదాని బరువు, ధర, వాడే నూనె, కారం ఎక్కడిది, కలిపిన తేదీ ఎక్కడ ముద్రిస్తారు, తెరిచాక ఎన్ని రోజుల్లో వాడాలి, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నంబరు, షాపు వేళలు, సెలవు రోజు, డెలివరీ వెళ్ళే ఏరియాలు, కొరియర్ చార్జీ, డబ్బు వాపసు నియమం. ఇరవై లైన్లు దాటదు. మెసేజ్ రాయించే ప్రతిసారీ చీటీ మొత్తం అతికించి, దాని కింద ఇలా అడగాలి:

"పై వివరాలు తప్ప కొత్తవి చేర్చొద్దు. ఏదైనా తెలియకపోతే 'వివరం కావాలి' అని రాయి. 35 పదాలు దాటొద్దు. హైదరాబాద్ షాపులో కస్టమర్‌తో మాట్లాడినట్టు ఉండాలి. 100 శాతం, నంబర్ వన్, ఆరోగ్యం అనే మాటలు వద్దు. పండగ తేదీలు నువ్వు వేయొద్దు. మూడు రకాలుగా రాసివ్వు."

అప్పుడొచ్చేదాన్ని కాస్త దిద్దితే ఇలా తేలుతుంది: "కొత్తావకాయ దిగింది. సోమవారం కలిపాం. గుంటూరు కారం, నువ్వులనూనె. అరకిలో, కిలో సీసాలు రెడీ. ఈ రోజు సాయంత్రం 6 లోపు చెప్తే దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్‌బీ నగర్‌కి రేపు మధ్యాహ్నంలోగా పంపుతాం." ఇందులో కవిత్వం లేదు, ధర ఒక్కటి చేర్చుకుంటే ఆర్డర్ పెట్టడానికి కావలసిన ప్రతి ముక్కా ఉంది. మూడు రకాలు అడగమనడానికి కారణం ఉంది. మొదటిది ఎప్పుడూ అందరికీ వచ్చేలాంటిదే వస్తుంది, మూడోదాంట్లో కాస్త కొత్తదనం కనిపిస్తుంది.

"ఆరోగ్యం" వద్దనడం ఊరికే కాదు. మిల్లెట్ లడ్డూ గురించి రాయమంటే చాట్‌బాట్ "షుగర్‌ను అదుపులో ఉంచుతుంది" అని ధీమాగా రాసేస్తుంది. ఆహారం రోగాన్ని నయం చేస్తుందని చెప్పుకోవడాన్ని 2018 నాటి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ప్రకటనల నిబంధనలు ఒప్పవు. మందు మాటల్లోకి దిగితే మందుల ప్రకటనలను కట్టడి చేసే 1954 నాటి చట్టం ఒకటి ఉంది, అందులోని రోగాల జాబితాలో మధుమేహం కూడా ఉంది. "100 శాతం" అనే మాటను లేబుళ్ళ మీదా ప్రచారంలోనూ వాడొద్దని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 మేలో సూచించింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. రాసింది చాట్‌బాటే అయినా పోస్టు పెట్టిన షాపుదే బాధ్యత.

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ (మ్యాప్స్‌లో మీ షాపు వివరాలు కనిపించే పేజీ) దగ్గర చాట్‌బాట్ బాగా కలిసొస్తుంది. పరిచయానికి 750 అక్షరాల జాగా ఉంటుంది. అందులో ధరలు, ఆఫర్లు, లింకులు పెట్టకూడదన్నది గూగుల్ నియమం. చాట్‌బాట్ మాత్రం చివర్లో "20 శాతం తగ్గింపు, ఇప్పుడే కాల్ చేయండి" అని తగిలిస్తుంది, అది కోసెయ్యాలి. ఆఫర్లకు వేరే చోటుంది, పోస్టులు. అక్కడ కూడా రాతలో ఫోన్ నంబరు ఇరికిస్తే పోస్టు తిరస్కరణకు గురికావచ్చు. నంబరుకు కాల్ బటన్ ఉండనే ఉంది. ఇంకో దురాశ గురించి కూడా చెప్పాలి. "దిల్‌సుఖ్‌నగర్‌లో పచ్చళ్ళు", "కొత్తపేటలో పచ్చళ్ళు", "ఉప్పల్‌లో పచ్చళ్ళు" అంటూ ఒకే సరుకును యాభై పేజీలుగా వెబ్‌సైట్‌లో రాయించి పడేయడం. చాట్‌బాట్ రాసినంత మాత్రాన గూగుల్ తప్పు పట్టదు. సెర్చ్‌లో పైకి రావడానికి గంపగుత్తగా పుట్టించిన పేజీలను మాత్రం 2024 మార్చి నుంచి స్పామ్ కిందే లెక్కేస్తోంది.

రివ్యూలకు జవాబులు రాయించుకోవచ్చు, రివ్యూలు మాత్రం రాయించకూడదు. సీసా మూత లీకై కవరంతా నూనె అయిందని ఒకరు ఒక్క స్టార్ ఇచ్చారనుకోండి. ఏమీ చెప్పకుండా జవాబు అడిగితే "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం, పూర్తి డబ్బు వాపసు చేస్తాం" అని మీరివ్వని మాట ఇచ్చేస్తుంది. ఏం జరిగింది, మీరేం చేశారు, ఎవరితో మాట్లాడాలి, ఈ మూడూ మీరే చెప్పి రెండు వాక్యాల్లో రాయమనండి. ఇదే కారణంతో వాట్సాప్‌లో దానంతటదే జవాబిచ్చే బాట్‌ను పెట్టేముందు పదిసార్లు ఆలోచించాలి. ఎయిర్ కెనడా అనే విమాన సంస్థ వెబ్‌సైట్‌లోని చాట్‌బాట్ ఇచ్చిన తప్పుడు సమాచారానికి ఆ సంస్థే బాధ్యురాలని 2024 ఫిబ్రవరిలో కెనడాలో ఒక ట్రిబ్యునల్ తేల్చింది. షాపు స్థాయికి వాట్సాప్ బిజినెస్‌లోని క్విక్ రిప్లైలు (ముందే రాసిపెట్టుకునే జవాబులు) చాలు. వాటిని చాట్‌బాట్‌తో రాయించి, మీరు చదివి, సేవ్ చేసుకోండి.

ఎస్సెమ్మెస్‌కు మాత్రం చాట్‌బాట్ పెద్దగా పనికిరాదు. తెలుగులో ఒక మెసేజ్‌కు 70 అక్షరాలే, గుణింతం, పొల్లు విడివిడిగా లెక్కకొస్తాయి. "హైదరాబాద్" అన్న ఒక్క మాటే తొమ్మిది తింటుంది. చాట్‌బాట్‌కు అక్షరాలు లెక్కపెట్టడం సరిగా రాదు, 70 అని చెప్పి 95 రాస్తుంది. పైగా వ్యాపార ఎస్సెమ్మెస్ ముందే డీఎల్‌టీలో (టెలికాం కంపెనీల రిజిస్ట్రేషన్ వేదిక) రిజిస్టర్ చేసిన టెంప్లేట్‌కు సరిపోవాలి, లేకపోతే కదలదు.

ఏ చాట్‌బాట్, డబ్బు కట్టాలా

చాట్‌జీపీటీ, జెమినై, క్లాడ్ మూడూ తెలుగు రాస్తాయి. జెమినై యాప్ 2024 జూన్‌లో ఇండియాకు వచ్చినప్పుడే తెలుగుతో వచ్చింది. చాట్‌జీపీటీ వెనకున్న మోడల్‌కు ఒకప్పుడు తెలుగు చాలా బరువు. 2024 మేలో జీపీటీ-4ఓ తెచ్చినప్పుడు ఓపెన్‌ఏఐ చూపించిన ఉదాహరణలో 159 టోకెన్లు (మోడల్ రాతను కోసుకునే చిన్న తునకలు) పట్టిన తెలుగు వాక్యం 45కు దిగింది. ఇప్పటికీ అంతే అర్థమున్న ఇంగ్లీషు కంటే తెలుగు ఎక్కువే తింటుంది, చాట్ గుర్తుంచుకునే జాగా త్వరగా నిండుతుంది. అందుకే ఒకే చాట్‌ను నెలల తరబడి లాగకుండా, వారానికొకసారి కొత్త చాట్ తెరిచి చీటీ మళ్ళీ అతికించడం మేలు. పాత చాట్‌లో పోయిన నెల ధర తొంగిచూస్తూనే ఉంటుంది.

ఉచిత ఖాతాలో కొన్ని మెసేజ్‌ల తర్వాత చిన్న మోడల్‌కు మార్చేయడం కూడా ఉంది. ఇందాకటిదాకా బాగా రాసి హఠాత్తుగా పొంతన లేని తెలుగు మొదలెడితే అక్కడ ఆపి, కొన్ని గంటలాగి రావడమే. ఓపెన్‌ఏఐ 2025 ఆగస్టులో నెలకు 399 రూపాయల గో ప్లాన్ తెచ్చింది. వారానికి మూడు నాలుగు పోస్టులు పెట్టే షాపుకు అది కూడా అక్కర్లేదు. రెండు వందల సరుకుల కేటలాగుకు ఒకేసారి వివరణలు రాయించే నెలలో కడితే సరి, ఆ పైనెల ఆపెయ్యొచ్చు. ఏది కొనాలో తేలకపోతే ఒకే చీటీ, ఒకే ప్రశ్న మూడింటికీ ఇచ్చి చూడండి, తక్కువ దిద్దుళ్ళు పడిందే మీది. కస్టమర్ల పేర్లు, నంబర్ల జాబితా మాత్రం దేంట్లోనూ అతికించొద్దు. చాట్‌జీపీటీలో అయితే సెట్టింగ్స్‌లో డేటా కంట్రోల్స్‌లోకి వెళ్ళి మీ చాట్‌లను ట్రైనింగ్‌కు వాడుకునే మీట ఆపేయండి.

బొమ్మల సంగతి వేరు

ఏఐ గీసిన బ్లౌజు బొమ్మ పెట్టే బొటిక్ తన గొయ్యి తాను తవ్వుకున్నట్టే. ఆ బొమ్మలో జర్దోసీ తీగ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియదు, కట్‌దానా పూస మధ్యలో కుందన్ రాయిగా మారిపోతుంది, ఎడమ చేతి అంచు కుడి చేతితో కలవదు. కస్టమర్ స్క్రీన్‌షాట్ పట్టుకొచ్చి "ఇదే కావాలి" అంటే ఏ వర్కరూ అది కుట్టలేడు. పోచంపల్లి ఇక్కత్‌దీ అదే గొడవ. నేయకముందే నూలును కట్టి రంగు అద్దుతారు కాబట్టి అంచులు సన్నగా చెదిరి ఉంటాయి. ఏఐ వాటిని గీత గీసినట్టు పదునుగా వేస్తుంది, తెలిసినవాళ్ళకు ప్రింట్ చీరలా కనిపిస్తుంది.

ఉదయం తొమ్మిది, పదకొండు మధ్య కిటికీ పక్కన షాపులోని డిస్‌ప్లే బొమ్మకు (మానెక్విన్) తొడిగి, ట్యూబ్‌లైటు ఆర్పి, లెన్స్ తుడిచి తీసిన మూడు ఫోటోలు చాలు: మొత్తం, మెడ దగ్గర్నుంచి, వీపు. ట్యూబ్‌లైటు వెలుగు, పగటి వెలుగు కలిస్తే జరీ రంగు మారిపోతుంది. ఇన్‌స్టాకు 1080×1350 సైజు. ఫోటో మీద తెలుగు అక్షరాలు కావాలంటే ఏఐని గీయమనకండి, ఒత్తులు ఎగిరిపోతాయి. కాన్వా లాంటి డిజైన్ యాప్‌లో తెలుగు ఫాంటుతో టైప్ చేసుకోండి. పాంఫ్లెట్, ఫ్లెక్సీకైతే ఇంకో మెలిక ఉంది. ప్రెస్సుల్లో ఇప్పటికీ 'అను' అనే పాత పద్ధతి తెలుగు ఫాంట్లే ఎక్కువ, చాట్‌బాట్ ఇచ్చేది ఫోన్లలో వాడే యూనికోడ్. నేరుగా అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి, కన్వర్టర్‌లో మార్చాలి, మార్చాక ప్రూఫ్ మళ్ళీ అక్షరమక్షరం చూడాలి.

షాపులో కుర్రాడు

ఇతన్ని అందరూ తక్కువ అంచనా వేస్తారు. రాయడం రాకపోవచ్చు, కానీ రోజంతా కస్టమర్లు ఏం అడుగుతున్నారో తెలిసినవాడు ఇతనొక్కడే. "వెల్లుల్లి లేనిది ఉందా", "అమెరికా పంపిస్తారా", "పిల్లలకు కారం తక్కువది ఏది" లాంటి ప్రశ్నలను వారానికి పది, జీబోర్డ్‌లో (గూగుల్ కీబోర్డు) తెలుగు వాయిస్ టైపింగ్‌తో నోట్స్‌లో పడేయమనండి. అవే వచ్చే వారం పోస్టులు. బోనాలు ఆషాఢంలో గోల్కొండలో మొదలై, తర్వాతి ఆదివారాల్లో సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళికి, లాల్‌దర్వాజాకు వస్తాయని, ఏ ఆదివారం ఏ వైపు డెలివరీ బండి కదలదో ఇతనికి తెలుసు. చాట్‌బాట్ ఊరంతటికీ ఒకే రోజు "బోనాల శుభాకాంక్షలు" రాసిస్తుంది. వాట్సాప్‌లో ఒకేసారి చాలామందికి మెసేజ్ పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టు చూసుకోవడమూ ఇతని పనే. లిస్టుకు 256 మందే, అందులోనూ మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే మెసేజ్ చేరుతుంది. అందుకని బిల్లు ఇచ్చేటప్పుడే "మా నంబరు సేవ్ చేసుకోండి అక్కా" అని అడగాల్సింది కౌంటర్‌లోనే.

ఏజెన్సీ ఎప్పుడు

నెలకు పన్నెండు పోస్టులని ఒప్పుకుని అందులో ఐదు పండగ శుభాకాంక్షల పోస్టర్లు ఇచ్చే ఏజెన్సీకి డబ్బు దండగ. వాళ్ళూ ఆ రాతను చాట్‌బాట్‌తోనే రాయిస్తుంటే మీరు కట్టేది దిద్దని చిత్తుప్రతికి. వీడియో తీసేవాళ్ళు, యాడ్స్ నడిపేవాళ్ళు అయితే లెక్క మారుతుంది. బొటిక్‌కు నెలలో ఒక పూట కెమెరా మనిషి వచ్చి పదిహేను బ్లౌజులు, మగ్గం మీద సూది నడిచే నాలుగు రీల్స్ తీసివెళ్తే, ఆ నెలంతా సరుకు దొరికినట్టే. ఒప్పందం అలా పూటల లెక్కన, ఫోటోల లెక్కన చేసుకోవాలి, "సోషల్ మీడియా హ్యాండ్లింగ్" అనే మాట మీద కాదు.

సంతకం పెట్టేముందు కాగితంలో ఐదు ముక్కలు చూసుకోండి. గూగుల్ ప్రొఫైల్‌కు ప్రైమరీ ఓనర్ మీ జీమెయిలే ఉండాలి, వాళ్ళను మేనేజర్‌గా మాత్రమే చేర్చాలి. ఇన్‌స్టా ఖాతా మీ ఫోన్ నంబరు మీద ఉండాలి. యాడ్ ఖాతాకు కార్డు మీదైనప్పుడు ఖాతా కూడా మీదే కావాలి. షాపు పేరు పక్కన "బెస్ట్ పికిల్స్ ఇన్ హైదరాబాద్" లాంటి తోకలు తగిలించకూడదని రాయించండి, బోర్డు మీద లేని పేరు మ్యాప్స్‌లో పెడితే ప్రొఫైల్ సస్పెండ్ కావచ్చు. తీసిన ఫోటోల అసలు ఫైళ్ళు ఏ నెలకానెల మీ డ్రైవ్‌లోకి రావాలి. పచ్చళ్ళ షాపుకైతే ఇలా కెమెరా మనిషిని పిలవడం ఏడాదికి రెండుసార్లు చాలు, వేసవిలో కొత్త ఆవకాయ దిగినప్పుడు ఒకసారి, దసరాకు ముందు ఒకసారి.