అల్యూమినియం డీఫ్రాస్టింగ్ ట్రే: మూడేళ్లు వాడాక

మేమిద్దరం ఉద్యోగాలకి వెళ్తాం, అందుకని ఆదివారమే చికెన్, రొయ్యలు, వంజరం ముక్కలు తెచ్చి ఫ్రీజర్‌లో సర్దేస్తాం. సాయంత్రం ఏడింటికి ఇల్లు చేరి రాయిలా ఉన్న ప్యాకెట్ తీస్తే అది ఎప్పుడు కరుగుతుందో, కూర ఎప్పుడవుతుందో తెలిసేది కాదు, ఆ బాధ పడలేకే ఈ ట్రే తీసుకున్నా.

దీనికి కరెంటు అక్కర్లేదు, ఉత్త మందపాటి అల్యూమినియం రేకు అంతే. స్టీలు కంటే దాదాపు పదిహేను రెట్లు ఎక్కువగా వేడిని లాగుతుంది కాబట్టి గదిలో ఉన్న వేడినే గబగబా ముక్కలకి అందిస్తుంది.

చేప ముక్కలు, రొయ్యలు పల్చగా ఒకే వరసలో పేర్చి మధ్యలో ఒకసారి తిప్పితే నాకు అరగంటలో పనైపోతోంది, ఇందులో వంక పెట్టడానికి లేదు. కానీ కేజీ చికెన్ ఒకే ముద్దగా పెడితే మాత్రం దండగే, గంటన్నర తర్వాత కూడా పైన నీళ్లు కారుతోంది, లోపల ఐసు అలాగే ఉంది. భయపడాల్సింది ఇక్కడే అండీ. ఫ్రీజర్‌లో పెడితే క్రిములన్నీ చచ్చిపోవు, చాలావరకు కదలకుండా పడుంటాయి, 5 డిగ్రీలు దాటి వెచ్చబడే కొద్దీ మళ్లీ పెరుగుతాయి. బయట రెండు గంటలకి మించి ఉంచకూడదు, గది 32 డిగ్రీలు దాటితే గంటే. మే నెలలో మన వంటిళ్లు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదుగా. మా అత్తయ్య పొద్దున్నే ప్యాకెట్ తీసి గట్టు మీద పెట్టి మధ్యాహ్నం వండేవారు, బతిమాలి మానిపించా.

నాకు బాగా కలిసొచ్చింది ఏంటంటే, ఫ్రీజర్‌లో పెట్టేటప్పుడే అరకేజీ చొప్పున జిప్ కవర్లలో వేసి, గాలి తీసేసి, చపాతీలా అరంగుళం మందాన చదును చేసెయ్యడం. కీమా అయినా బోన్‌లెస్ అయినా ఇలా పెట్టినవి ట్రే మీద ముప్పావుగంట లోపే వదులుతున్నాయి.

పెద్ద ముద్దకైతే ఇప్పటికీ చన్నీళ్లే, నీళ్లు దూరని కవర్లో కట్టి బేసిన్‌లో ముంచి అరగంటకోసారి నీళ్లు మార్చాలి. వేణ్ణీళ్లు పోస్తే పైన తెల్లగా ఉడికిపోతుంది, లోపల గడ్డ గడ్డలాగే ఉంటుంది. మైక్రోవేవ్‌లోనూ అంచులు ఉడుకుతాయి, అందుకే తీసిన వెంటనే వండెయ్యాలి. ముందే గుర్తుంటే మాత్రం రాత్రే గిన్నెలో పెట్టి ఫ్రిజ్ కింద అరలో ఉంచడం అన్నిటికంటే మేలు, అలా కరిగింది ఆ రోజు వండకపోయినా మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టొచ్చు, నీళ్లలో కరిగించిందైతే వండాకే పెట్టాలి.

ఇంకో మాట, ఇంట్లో పాత మందపాటి సత్తు (అల్యూమినియం) గిన్నెలు రెండుంటే కొనేముందు ఇది చేసి చూడండి. ఒకటి బోర్లించి దాని మీద చదును ప్యాకెట్ పెట్టి, పైన రెండోదాన్ని నీళ్లు పోసి బరువుగా ఉంచండి. రెండు వైపులా లోహం తగులుతుంది కదా, మా ఇంట్లో ట్రే కంటే ముందే కరిగింది, అది చూశాక ట్రేకి పెట్టిన డబ్బులు కాస్త ఎక్కువే అనిపించింది.

అయిదుకి మూడున్నర ఇస్తా. నిమ్మరసం, చింతపండు తగిలితే మచ్చలు పడుతున్నాయి, మసాలా పట్టించినవి దీని మీద పెట్టకండి. నా దానికి అంచున గాడి లేదు, కవర్ చిరిగితే నీచు నీళ్లు గట్టంతా పారుతున్నాయి, ప్రతిసారీ సబ్బు పెట్టి గట్టు కడగాల్సొస్తోంది, తీసుకునేవాళ్లు చుట్టూ గాడి ఉన్నదే చూసుకోండి.