ఓడ ఎక్కాలా, ఒడ్డున ఉండిపోవాలా? క్రూజ్, ఆల్ ఇన్‌క్లూజివ్ రిసార్ట్‌లలో ఏది మేలు

వారం రోజుల సెలవు దొరికింది. సముద్రం చూడాలని ఉంది. వెళ్లిన చోట వంట, టికెట్లు, హోటళ్ల వెతుకులాట లాంటి టెన్షన్లేవీ పెట్టుకోదలచుకోలేదు. ఇలా అనుకునేవాళ్ల ముందు చివరికి రెండు దారులు మిగులుతాయి: ఊరూరా ఆగుతూ సాగే ఓడ ప్రయాణం, అంటే క్రూజ్; గది, తిండి, తాగుడు అన్నీ ఒకే ధరలో వచ్చే ఆల్ ఇన్‌క్లూజివ్ రిసార్ట్. ప్రకటనల్లో రెండూ ఒకేలా కనిపిస్తాయి. నీలం నీళ్లు, తెల్లటి తువ్వాళ్లు, గ్లాసులో చిన్న కాగితం గొడుగు. లోపలికి వెళ్లాక మాత్రం రెండిటికీ పొంతనే ఉండదు. ఓడలో మీ రోజు గడియారం చెప్పినట్టు నడుస్తుంది. రిసార్ట్‌లో మీరు మధ్యాహ్నం దాకా పడుకున్నా అడిగేవాడుండడు. ఈ రెండిట్లో మీకు ఏది హాయో తేల్చుకుంటే ఎంపిక సగం అయిపోయినట్టే. డబ్బు లెక్క ఆ తర్వాతే చూడాలంటాను.

కానీ అందరూ మొదట అడిగేది డబ్బు గురించే. సరే, అదే ముందు చూద్దాం.

బిల్లు ఎక్కడ పెరుగుతుంది?

క్రూజ్ టికెట్‌లో క్యాబిన్, మెయిన్ డైనింగ్ రూమ్‌లో భోజనం, బఫే, థియేటర్ షోలు, ఈతకొలనులు, పిల్లల క్లబ్ వస్తాయి. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ప్రయాణం కూడా అందులోనే ఉందన్న సంగతి చాలామంది లెక్కలో వేసుకోరు. అదే ఊళ్లను రైళ్లలో, విమానాల్లో తిరిగితే ఎంతవుతుందో వేసి చూడండి, టికెట్ అంత ఖరీదుగా అనిపించదు.

రావనివి కూడా తక్కువేం కాదు. మామూలు పెద్ద కంపెనీల ఓడల్లో మద్యం, కూల్‌డ్రింకులు, వైఫై, స్పెషాలిటీ రెస్టారెంట్లు, స్పా, రేవుల్లో చేసే టూర్లు అన్నీ వేరు. టిప్స్‌ను మనిషికి రోజుకింత అని కంపెనీయే లెక్కగట్టి మీ ఖాతాలో వేసేస్తుంది. డ్రింక్స్ ప్యాకేజీలో ఇంకో మెలిక ఉంది. ఒకే క్యాబిన్‌లో ఉన్న పెద్దవాళ్లలో ఒకరు కొంటే మిగతావాళ్లూ కొనాల్సిందేనని చాలా కంపెనీలు షరతు పెడతాయి. భర్త రోజూ రెండు పెగ్గులు వేసి, భార్య అసలు ముట్టని జంట అయినా రెండు ప్యాకేజీలకు కట్టాల్సిందే. పైగా ఓడలో నగదు కనిపించదు. అన్నిటికీ క్యాబిన్ తాళంగా పనిచేసే కార్డే చాలు. చేతిలోంచి నోటు వెళ్లడం లేదు కాబట్టి ఖర్చు తెలియదు, ఆఖరి రోజు బిల్లు చూస్తే గుండె గుభేల్‌మంటుంది. రీజెంట్ సెవెన్ సీస్, సిల్వర్‌సీ లాంటి ఖరీదైన కంపెనీలు మద్యం, టిప్స్ కూడా కలిపేసే అమ్ముతాయి గానీ ఆ టికెట్ ధర వేరే లోకం.

రిసార్ట్ ఈ విషయంలో నిక్కచ్చి. చేతికి పట్టీ కట్టారంటే గది, మూడు పూటల తిండి, మధ్యలో చిరుతిళ్లు, బార్‌లో ఇచ్చే డ్రింకులు, కయాక్ లాంటి చిన్నచిన్న జలక్రీడలు అన్నీ అయిపోయినట్టే. ఈ పద్ధతికి బాట వేసింది క్లబ్ మెడ్ అనే సెలవు విడిదుల సంస్థ. బెల్జియంకు చెందిన జెరార్ బ్లిట్జ్ 1950లో స్పెయిన్‌కు చెందిన మయోర్కా దీవిలోని అల్కూడియాలో గుడారాలు వేసి మొదలుపెట్టాడు. తమాషా ఏమిటంటే, అప్పట్లో క్లబ్ మెడ్ విడిదుల్లో బార్ ఖర్చు ప్యాకేజీలో ఉండేది కాదు. మెడలో వేసుకున్న పూసలే అక్కడ డబ్బుగా చెల్లేవి. నేడు రిసార్ట్‌కు ఎక్కువమంది వెళ్లేది ఆ బార్ కోసమే!

రిసార్ట్‌లోనూ బయట ఉండిపోయేవి ఉన్నాయి. స్పా, జెట్‌స్కీ లాంటి మోటారు ఆటలు, విదేశీ బ్రాండ్ల మద్యం, ఒకటి రెండు ప్రత్యేక రెస్టారెంట్లు. అన్నిటికంటే ముందు అడగాల్సింది మాత్రం ట్రాన్స్‌ఫర్ గురించి. మాల్దీవుల్లో విమానం దిగాక రిసార్ట్ దీవికి స్పీడ్‌బోటులోనో, నీటి మీద దిగే చిన్న విమానమైన సీప్లేన్‌లోనో వెళ్లాలి. ఆ ఛార్జీ చాలాసార్లు గది ధరలో ఉండదు. సీప్లేన్లు పగటిపూటే ఎగురుతాయి కాబట్టి, మీ విమానం సాయంత్రం ఆలస్యంగా దిగితే ఆ రాత్రికి వేరే హోటల్ చూసుకోవాలి.

మొత్తం మీద, తాగే అలవాటున్న పెద్దవాళ్లు నలుగురు కలిసి వెళ్తుంటే రిసార్టే చవక. మందు ముట్టని కుటుంబానికి ఓడ చవక. ఒంటరిగా వెళ్లేవాళ్లకు ఓడ దెబ్బే, ఎందుకంటే క్యాబిన్ ధర ఇద్దరు మనుషుల లెక్కన కడతారు. ఒక్కరే ఉన్నా దాదాపు రెండో మనిషి డబ్బూ కట్టించుకునే ఓడలే ఎక్కువ.

గడియారంతో కాపురం

క్రూజ్ మోజంతా ‘వారంలో నాలుగైదు ఊళ్లు’ అన్న మాటలో ఉంది. ఊళ్లు నిజమే. ఎంతసేపు అన్నదే ప్రశ్న. ఓడ సాధారణంగా ఉదయం ఏడెనిమిదింటికి రేవు చేరుతుంది, సాయంత్రం అయిదారింటికి బయల్దేరుతుంది. బయల్దేరే వేళకు కనీసం అరగంట ముందే అందరూ లోపల ఉండాలి. అంటే ఊరి సాయంత్రాలు, రాత్రి వీధులు మీకు దాదాపు ఉండవు.

దానికి తోడు రేవు పేరు ఒకటి, ఊరు ఇంకొకటి. ‘రోమ్’ అని రాసి ఉంటే ఓడ ఆగేది చివిటవెక్కియాలో. అక్కడి నుంచి రోమ్ 70 కిలోమీటర్ల పైచిలుకు. ‘ఫ్లోరెన్స్’ అంటే లివోర్నో. ‘పారిస్’ అని ఉంటే అది లె హావ్ర్ రేవు, పారిస్ అక్కడికి దాదాపు 200 కిలోమీటర్లు. వెనిస్ సంగతైతే, 2021 ఆగస్టు నుంచి పెద్ద ఓడలను ఊరి నడిబొడ్డున ఉన్న శాన్ మార్కో కూడలి ముందు నీళ్లలోకి రానివ్వడం లేదు. కొన్ని ఓడలు రవెన్నాలోనో, ట్రియెస్టేలోనో ఆగి అక్కడి నుంచి బస్సుల్లో పంపుతాయి.

గ్రీస్ దీవి సాంటోరినిలో ఇంకో రకం. పెద్ద ఓడ గట్టుకు ఆనదు. సముద్రంలో ఆపి చిన్న పడవల్లో ఒడ్డుకు చేరుస్తారు. అక్కడి నుంచి కొండ మీది ఫిరా ఊరికి కేబుల్ కారు, లేదంటే దాదాపు 600 మెట్లు. ఒకే రోజు నాలుగు ఓడలు వచ్చాయంటే కేబుల్ కారు దగ్గర క్యూ మెలికలు తిరుగుతుంది. ఎక్కడానికి ఒకసారి, దిగడానికి ఇంకోసారి. దిగేటప్పుడు నిలబడ్డవాళ్ల కళ్లు దృశ్యం మీద ఉండవు, చేతి గడియారం మీదే ఉంటాయి. ఎందుకంటే ఓడ ఆగదు. కంపెనీ అమ్మిన టూర్‌లో వెళ్లినవాళ్లు ఆలస్యమైతే వేచి ఉంటుంది. సొంతంగా తిరగడానికి వెళ్లినవాళ్ల కోసం ఆపాల్సిన పని దానికి లేదు. తర్వాతి రేవు దాకా ఖర్చు మీది, తిప్పలు మీవి. అందుకే కంపెనీ టూర్లు అంత ఖరీదైనా అమ్ముడుపోతాయి.

వాతావరణం బాగాలేకపోతే కెప్టెన్ ఒక రేవును వదిలేసి ముందుకు సాగవచ్చు. టికెట్ షరతుల్లో అది ముందే రాసి ఉంటుంది. మీరు ఆ ఒక్క ఊరి కోసమే టికెట్ కొన్నా ఫలితం లేదు, చాలా అయితే పోర్ట్ ఫీజు వెనక్కి వస్తుంది. ఒక్క ఊరి మీద మనసు పడి క్రూజ్ బుక్ చేసేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: ఆ ఊరికి నేరుగా వెళ్లండి.

ఆఖరి రాత్రి వ్యవహారం కూడా తెలుసుకోవాలి. రంగురంగుల ట్యాగులు కట్టిన సూట్‌కేసులను ఆ రాత్రే క్యాబిన్ తలుపు బయట పెట్టేయాలి. మర్నాటి బట్టలు, బ్రష్, మందులు తీసి చేతిసంచిలో ఉంచుకోకపోతే పొద్దున్నే రాత్రి బట్టల్లోనే దిగాల్సి వస్తుంది. తెల్లారాక ట్యాగు రంగును బట్టి పిలుస్తారు. తొమ్మిది, పది గంటలకల్లా ఓడ ఖాళీ. ‘ఏడు రాత్రులు’ అంటే ఏడు రోజులనుకోకండి.

ఇదంతా ఓడ మీద కోపంతో రాయడం లేదు. ఇలా గడియారంతో నడిచే రోజు చాలామందికి నిజంగానే హాయి. రోజూ ఏం చేయాలో వేరేవాళ్లు నిర్ణయిస్తారు, పొద్దున్న కర్టెన్ తీస్తే కొత్త ఊరు. సముద్రం మీదే గడిచే రోజుల్లో కూడా గంటకో కార్యక్రమం. కొన్ని ఓడల లిఫ్టుల్లో నేల మీద ‘సోమవారం’, ‘మంగళవారం’ అని రాసిన చాపలుంటాయి, రోజూ మారుస్తారు. లేకపోతే ఇవాళ ఏ రోజో గుర్తుండదు మరి.

రిసార్ట్ నాలుగో రోజు

రిసార్ట్ మొదటి రెండు రోజులు స్వర్గం. మూడో రోజు బఫేలో ఏ మూల ఏముందో కళ్లు మూసుకుని చెప్పగలరు. నాలుగో రోజు మనుషులు రెండు రకాలుగా విడిపోతారు. ఒకరకం వాళ్లు ‘ఇంకో వారం ఉంటే బాగుండు’ అంటారు. రెండోరకం వాళ్లు రిసెప్షన్‌లో బయటి టూర్ల కాగితాలు తిరగేస్తుంటారు. మీరు ఏ రకమో మీకు ముందే తెలిసి ఉంటుంది, ఇంట్లో ఖాళీగా ఉన్న ఆదివారం ఎలా గడుస్తుందో గుర్తుచేసుకుంటే చాలు.

రిసార్ట్ మీద నా ఫిర్యాదు వేరే ఉంది. కాన్‌కూన్‌కు వెళ్లొచ్చి మెక్సికో చూశామనేవాళ్లు, డొమినికన్ రిపబ్లిక్‌లోని పుంటా కానాలో వారం ఉండి గేటు దాటని వాళ్లు ఎంతోమంది. తిండికి, తాగుడికి ముందే కట్టేశాం కదా, బయట మళ్లీ ఎందుకు ఖర్చు అనిపిస్తుంది. ఓడ కనీసం ఒక పూటైనా మిమ్మల్ని ఊళ్లోకి దింపుతుంది.

ప్రశాంతత అన్నిచోట్లా ఉంటుందనీ అనుకోకండి. పెద్ద రిసార్టుల్లో పొద్దున ఆరింటికే కొలను పక్క కుర్చీల మీద తువ్వాళ్లు పరిచి మళ్లీ వెళ్లి పడుకునేవాళ్లుంటారు. ఎనిమిదింటికి వెళ్తే మనుషులుండరు, ఖాళీ కుర్చీలూ ఉండవు. మంచి రెస్టారెంట్లకు మొదటి రోజే టేబుల్ బుక్ చేసుకోకపోతే వారమంతా బఫేనే గతి.

గది, జనం, ఒంటి సంగతి

గదిలో రిసార్ట్‌దే పైచేయి, ఇందులో వాదన లేదు. కిటికీ లేని ఇన్‌సైడ్ క్యాబిన్‌లో ఇద్దరు ఒకేసారి అటూ ఇటూ తిరగడం కష్టం. దీపం ఆర్పితే పట్టపగలైనా కటిక చీకటి. నిద్ర ప్రియులకు అదే నచ్చుతుంది. గోడలు ఇనుపరేకువి కాబట్టి అయస్కాంతం కొక్కేలు నాలుగు తీసుకెళ్తే టోపీలు, సంచులు తగిలించుకోవచ్చు. పిల్లలతో వెళ్లేవాళ్లు డబ్బు మిగిలితే డ్రింక్స్ ప్యాకేజీ మానేసి బాల్కనీ తీసుకోవడం మంచిది.

2024 జనవరిలో ప్రయాణాలు మొదలుపెట్టిన ఐకాన్ ఆఫ్ ద సీస్ అనే ఓడలో 20 డెక్కులు, అంటే అంతస్తులు, ఉన్నాయి, నిండితే 7,600 మంది దాకా ప్రయాణికులు పడతారు. జనమంటే చిరాకున్నవాళ్లు ఇలాంటి ఓడల జోలికి పోవద్దు.

కడుపులో తిప్పే వాళ్లు ఓడ మధ్యభాగంలో, కింది డెక్కుల్లో క్యాబిన్ అడగాలి. ఊపు అక్కడే తక్కువ. గర్భిణులను 24 వారాలు దాటాక చాలా కంపెనీలు ఎక్కించుకోవు. ఆరు నెలలు నిండని పసివాళ్లనూ అంతే. ఏడాదిన్నర, రెండేళ్ల పిల్లలున్న ఇంటికి నా సలహా రిసార్టే. బిడ్డ పడుకున్నప్పుడు మీరూ పడుకోవచ్చు, ఏ ఓడా మిమ్మల్ని వదిలి వెళ్లిపోదు. టీనేజ్ పిల్లలు, తాతయ్య, నానమ్మ అందరూ కలిసి వెళ్తే ఓడ బాగా కుదురుతుంది. పగలు ఎవరి దారి వారిది, రాత్రి భోజనానికి ఒకే బల్ల.

అట్లాంటిక్ తుపానుల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా. ఆ నెలల్లో కరీబియన్‌కే వెళ్లాలంటే ఓడకు ఒక సౌలభ్యం ఉంది, అది దారి మార్చుకుని తప్పించుకోగలదు. రిసార్ట్ ఎక్కడికీ కదల్లేదు. అరూబా, కురసావ్ లాంటి దక్షిణపు దీవులకు తుపానుల బెడద బాగా తక్కువ. ఇంకో పీడ సర్గాసం నాచు. 2011 నుంచి వసంతం, వేసవి నెలల్లో కరీబియన్ తీరాలకు గుట్టలుగా కొట్టుకొస్తోంది. మెక్సికో కరీబియన్ తీరంలో బీచ్ కోసమే డబ్బు కట్టిన వాళ్లకు ఇది పెద్ద దెబ్బ, కుళ్లితే కంపు కూడా.

వీసా విషయంలో ఓడ జాగ్రత్త కోరుతుంది. ఇటలీలో ఎక్కి, టర్కీలో ఆగి, గ్రీస్‌కు వచ్చే ఓడైతే ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల (షెన్‌జెన్) నుంచి బయటికెళ్లి మళ్లీ ప్రవేశించినట్టు. వీసా అవసరమైన పాస్‌పోర్టుకు ఒక్కసారే లోపలికి రానిచ్చే సింగిల్ ఎంట్రీ వీసా సరిపోదు. రిసార్ట్‌కు ఒకే దేశం, ఒకే ముద్ర.

రెండూ కావాలంటే

ఎటూ తేలనివాళ్లకు మధ్యేమార్గం ఉంది. మూడు నాలుగు రాత్రుల చిన్న క్రూజ్, దాని తర్వాత అదే ఊరికి దగ్గర్లో రిసార్ట్. బహామాస్‌లో కోకోకే, కాస్టవే కే లాంటి క్రూజ్ కంపెనీల సొంత దీవుల్లో ఆగే ఓడలైతే ఆ ఒక్క రోజూ రిసార్ట్ రుచి చూపిస్తాయి, భోజనం టికెట్‌లోనే.

వరస మాత్రం ముందు ఓడ, తర్వాత రిసార్టే ఉండనివ్వండి. నాలుగు రోజులు గడియారంతో పరుగెత్తి వచ్చాక ఆ కుర్చీలో పడుకోవడం బాగుంటుంది. ముందే పడుకోవడం అలవాటు చేసుకున్న ఒళ్లు పొద్దున్నే ఏడింటికి రేవులో దిగడానికి మొరాయిస్తుంది. ఓడ ఎక్కే ఊరికి ఒకరోజు ముందే చేరుకోండి. విమానం ఆరు గంటలు ఆలస్యమైనా రిసార్ట్ గది మీ పేరు మీదే ఉంటుంది, ఓడ మాత్రం సమయానికి వెళ్లిపోతుంది.